ఇంక మందు లేదన్న తరువాత

మన ఇళ్లలో పిల్ల కడుపుతో ఉన్నదంటే ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో చెప్పడానికి వీధిలో పదిమంది పెద్దవాళ్లుంటారు. పెళ్లంటే ఇక చెప్పనే అక్కరలేదు. తోరణం కట్టిన దగ్గరనుంచి అప్పగింతల దాకా ప్రతిదానికీ ఒక పద్ధతీ, ఆ పద్ధతి తెలిసిన ఒక ముత్తయిదువా సిద్ధంగా ఉంటుంది. మనిషి పోయిన తరువాత చేయవలసినవాటికీ అంతే. పురోహితుడు పట్టీ రాసి చేతికిస్తాడు. కాని డాక్టరు "ఇంక మా చేతిలో ఏమీ లేదు, ఇంటికి తీసుకుపోండి" అన్న రోజుకీ, ఆఖరి ఊపిరికీ మధ్య కొన్ని రోజులుంటాయి. అవి పది కావచ్చు, రెండువందలు కావచ్చు. ఆ రోజుల్లో ఏం చెయ్యాలో చెప్పేవాళ్లు మటుకు కనబడరు. వచ్చినవాళ్లు గుమ్మంలో గొంతు తగ్గించి "ఎల్లా ఉన్నది?" అని అడిగి, పళ్లసంచీ బల్లమీద పెట్టి వెళ్లిపోతారు.

ఆ మధ్యరోజుల గురించే నేనిక్కడ రాస్తున్నాను. ఇది మంగళకరమైన విషయం కాదనీ, సీరియల్ నవలకూ వంటల పేజీకీ మధ్య దీనికి చోటెందుకనీ కొందరు అనుకోవచ్చు. ఈ పత్రిక చదివే ఇళ్లలో ఇటువంటి రోజులు రాని ఇల్లు ఒక్కటి చూపించండి, నేను రాయడం మానేస్తాను.

మా మామగారు కృష్ణాజిల్లాలో ముప్ఫై నాలుగేళ్లు హైస్కూలు తెలుగు మేష్టారుగా పనిచేసి రిటైరయినారు. తరువాత హైదరాబాదులో మా దగ్గరే ఉండేవారు. డెబ్భై ఆరో ఏట ప్రోస్టేట్ గ్రంథికి కాన్సరు వచ్చింది. రెండేళ్లు మందులకు లొంగినట్టే లొంగి, చివరకు ఎముకలకు పాకింది. మావారూ, మా బావగారూ డాక్టరు గదిలోనుంచి బయటికి వస్తూనే చేసుకున్న మొట్టమొదటి తీర్మానం నాన్నగారికి చెప్పకూడదని. రిపోర్టుల కవరు బీరువాలో నా పట్టుచీరెల అడుక్కి చేరింది. కాన్సరు అన్న మాట ఇంట్లో నిషిద్ధమైపోయింది. దానికి బదులు "ఎముకల నీరసం" అని వైద్యశాస్త్రంలో ఎక్కడా లేని ఒక కొత్త జబ్బును మావాళ్లు సృష్టించారు.

పదిహేను రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం నేను మజ్జిగ తెచ్చి ఇస్తే, మామగారు గ్లాసు పక్కన పెట్టి, "కాస్త కూర్చో అమ్మాయ్" అన్నారు. "నా జబ్బేమిటో నాకు తెలుసును. ఆస్పత్రి బోర్డు చదువుకోలేని వాణ్ణా నేను? కాని నాకు తెలుసునని వాళ్లతో అనకు. పాపం, బెంగపెట్టుకుంటారు."

ఒకే ఇంట్లో కొడుకులు తండ్రికోసమూ, తండ్రి కొడుకులకోసమూ ఒకే రహస్యాన్ని దాచుకుంటున్నారన్నమాట! దీనివల్ల జరిగేదేమిటంటే, ఎవరితో మాట్లాడితే మనస్సు తేలికపడుతుందో వాళ్లతోనే మాట్లాడడానికి వీల్లేకుండా పోతుంది. రోగి ఇంటినిండా మనుషులుండీ ఒంటరివాడవుతాడు. మాది మాత్రమే వింత ఇల్లు కాదు. ఈ వైద్యంలో పనిచేసే డాక్టర్లూ, నర్సులూ ఇటువంటి ఇళ్లను రోజూ చూస్తూనే ఉంటారు.

ఆ తరువాత మా ఇంటికి రావడం మొదలుపెట్టిన నర్సమ్మ ఒకావిడ ఈ చిక్కును పది నిమిషాలలో విడదీసింది. ఆవిడ నిజం చెప్పండని అనలేదు, చెప్పవద్దనీ అనలేదు. మామగారి పక్కన స్టూలు వేసుకు కూర్చుని, "మేష్టారూ, మీ ఒంట్లో ఏమవుతున్నదని మీరనుకుంటున్నారు?" అని అడిగింది. అంతే. మొహంమీద గుద్దినట్టు చెప్పడం నిజం చెప్పడం కాదు. రోగికి ఎంత తెలుసో, ఇంకా ఎంత తెలుసుకోవాలని ఉన్నదో ముందు అతన్నే అడగాలి. తెలుసుకోవద్దనుకునేవాళ్లూ కద్దు. వాళ్ల ఇష్టం వాళ్లది.

ఆ సాయంత్రం మామగారు కొడుకులిద్దరినీ కూర్చోబెట్టుకున్నారు. పెన్షను పుస్తకం ఎక్కడున్నదో, ఎవరికి ఎంత ఇవ్వాలో చెప్పారు. ఆస్పత్రిలో పోవడం తనకిష్టం లేదన్నారు. పదకొండేళ్లుగా మాటలు లేని తమ్ముడికి కబురు పెట్టమన్నారు. మా చినమామగారు మర్నాడే బస్సెక్కి వచ్చారు. అన్నదమ్ములిద్దరూ గంటసేపు వానల గురించీ, మినుముల ధర గురించీ మాట్లాడుకున్నారు. పొలంగట్టు ప్రసక్తే రాలేదు. పోయేటప్పుడు చినమామగారు వీధిలోకి వెళ్లి, కండువాతో మొహం తుడుచుకుని, మళ్లీ లోపలికి వచ్చి కాళ్లకు దణ్ణం పెట్టి వెళ్లారు. నిజం బీరువాలోనే ఉండిపోయి ఉంటే ఈ గంట ఆయనకు దక్కేది కాదు.

ఇంక నొప్పి సంగతి. పగలు ఎల్లాగో గడిచిపోయేది. రాత్రి పది దాటిందంటే ఆయన పళ్లు బిగించి గోడవైపు తిరిగేవారు. "నొప్పి వస్తేనే మాత్ర వెయ్యండి, అలవాటు పడతారు" అని ఒక డాక్టరు చెప్పారు. దాంతో నొప్పి పూర్తిగా వచ్చేదాకా ఆగడం, మాత్ర వెయ్యడం, అది పనిచేసేలోగా గంటసేపు నరకం, మళ్లీ నాలుగు గంటలకు మొదటికి రావడం. ఇదీ వరస.

ఈ వరస తప్పని ప్రపంచానికి గట్టిగా చెప్పిన మనిషి సిసిలీ సాండర్స్ అనే ఇంగ్లీషు స్త్రీ. 1918లో పుట్టింది. యుద్ధం రోజుల్లో నర్సుగా శిక్షణ పొంది, నడుంనొప్పివల్ల ఆ పని చెయ్యలేక, ఆస్పత్రిలో రోగుల మంచిచెడ్డలు చూసే ఉద్యోగంలో చేరింది. అక్కడ డేవిడ్ టాస్మా అనే పోలండు శరణార్థి ఆమెకు తారసపడ్డాడు. నలభై ఏళ్లవాడు, యూదుడు, లండనులో నా అన్నవాళ్లు లేరు, కాన్సరుతో పోతున్నాడు. చచ్చిపోయేవాళ్లు మనుషులుగా బతికేందుకు ఒక ఇల్లు ఉంటే ఎల్లా ఉంటుందో ఇద్దరూ మాట్లాడుకునేవారట. 1948లో అతడు పోతూ ఆమెకు 500 పౌన్లు రాసిచ్చాడు, కట్టబోయే ఆ ఇంట్లో తనొక కిటికీ అవుతానని చెప్పి. నర్సు మాట డాక్టర్లు వినరు గనక ముందు డాక్టరు కమ్మని ఒక సర్జను సలహా ఇస్తే, ముప్ఫై దాటిన తరువాత వైద్యకళాశాలలో చేరి 1957లో డాక్టరయింది. ఒక్క కిటికీ చుట్టూ ఇల్లు లేవడానికి 19 ఏళ్లు పట్టింది. 1967లో లండనులోని సిడెన్‌హామ్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచారు. ఆమె 2005లో ఆ ఇంట్లోనే కన్నుమూసింది.

ఆమె చెప్పిన సూత్రం వింటే, ఇందులో ఏమున్నదీ అనిపిస్తుంది. నొప్పి రాకముందే మందు వెయ్యాలి. గడియారం చూసి, నాలుగు గంటలకొకసారి, రోగి అడిగేదాకా ఆగకుండా. అల్లా వేస్తే తక్కువ మోతాదుతోనే నొప్పి అదుపులో ఉంటుంది, ఎప్పుడు వస్తుందో అన్న భయమూ పోతుంది. నొప్పి ఒంటికే కాదనీ, డబ్బు బెంగా, పిల్లల బెంగా, నేనెవరికీ అక్కరలేదన్న దిగులూ, దేవుడిమీద కోపమూ అన్నీ కలిసి ఒకే నొప్పిగా బాధిస్తాయనీ కూడా ఆమే చెప్పింది.

ఆ మందు మార్ఫీన్. ఇది మనం కుర్మాలో వేసుకునే గసగసాల మొక్కనుంచి వచ్చేదే. పచ్చికాయకు గాటుపెడితే కారే పాలు ఎండి నల్లమందు అవుతుంది, నల్లమందులోనుంచి మార్ఫీన్ తీస్తారు. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రాలలో ప్రభుత్వం లైసెన్సులిచ్చి ఈ పంట పండిస్తుంది. ఘాజీపూర్‌లోనూ, నీమచ్‌లోనూ ప్రభుత్వ కర్మాగారాలున్నాయి. ప్రపంచానికి నల్లమందు ఎగుమతి చేసే దేశంలో మన కాన్సరు రోగికి ఒక మాత్ర దొరక్క రాత్రంతా అరిచిన రోజులున్నాయంటే నమ్మండి. మత్తుపదార్థాలమీద 1985లో వచ్చిన చట్టం కింద ఆస్పత్రులు ఒకదాని తరువాత ఒకటిగా నాలుగైదు లైసెన్సులు తెచ్చుకోవలసి వచ్చేది. ఒకటి వచ్చేలోగా మరొకదాని గడువు తీరిపోయేది. పెద్ద పెద్ద ఆస్పత్రులే విసిగి మార్ఫీన్ తెప్పించడం మానేశాయి. ఉద్యమించినవాళ్ల పోరుమీద 2014లో చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్యసంస్థకు ఒక్క లైసెన్సు చాలునన్నారు. ఇప్పటికీ వీధి చివర మందుల షాపులో ఇది సాధారణంగా దొరకదు. పాలియేటివ్ కేర్ ఉన్న ఆస్పత్రిలో అడగాలి.

"నల్లమందు తిన్నవాడిలాగా తూగుతున్నాడు" అనడం మన భాషలో తిట్టు గదా, అందుకే మా ఇంట్లో ఈ మందు పేరు వినగానే పెద్ద సభే జరిగింది. అలవాటైపోతుందన్నారు ఒకరు. ఇది మొదలుపెట్టారంటే రోజులు దగ్గరపడినట్టేనన్నారు ఇంకొకరు. నర్సమ్మ చెప్పిన జవాబులు ఇవి. నొప్పికోసం డాక్టరు లెక్కప్రకారం వాడితే వ్యసనంగా మారడం అరుదు. సరైన మోతాదులో అది ప్రాణం తియ్యదు. మొదటి రెండు మూడు రోజులు మగతా, వికారమూ ఉంటాయి, తరువాత తగ్గుతాయి. మలబద్ధకం మాత్రం తగ్గదు, అందుచేత దానితోపాటే విరేచనాల మందు కూడా తప్పకుండా వాడాలి. మోతాదు ఇంట్లోవాళ్లు సొంతంగా పెంచకూడదు. మాత్రలు పిల్లలకు అందనిచోట, తాళంలో ఉండాలి.

మందు మొదలుపెట్టిన మొదటిరాత్రి మామగారు అయిదు గంటలు ఏకబిగిని నిద్రపోయారు. అత్తయ్యగారు భయపడి మూడుసార్లు లేచి ముక్కుదగ్గర వేలు పెట్టి చూశారు. తెల్లవారి ఆయన లేచి, కాఫీలో పంచదార తక్కువైందని తగవు పెట్టుకున్నారు. ఆ తగవు విని ఎన్నాళ్లయిందో!

పాలియేటివ్ అన్న మాటకు మూలం లాటిన్‌లోని పాలియం, అంటే పైన కప్పుకునే వస్త్రం. కెనడాలోని మాంట్రియల్‌లో బాల్ఫర్ మౌంట్ అనే సర్జను 1970ల్లో ఈ పేరు పెట్టాడు. అక్కడి ఫ్రెంచివాళ్లకు హాస్పిస్ అంటే దిక్కులేనివాళ్ల సత్రమనే అర్థం స్ఫురించేదట, అందుకని వేరే పేరు వెతుక్కోవలసి వచ్చింది. పేరేదైనా, జబ్బు నయం చెయ్యలేనప్పుడు మనిషిని బాధలేకుండా ఉంచడం ఆ పని. మన దేశంలో ఇటువంటి మొదటి హాస్పిస్ 1986లో బొంబాయిలో వెలసిన శాంతి అవేదన. కాని దీన్ని ఇంటింటికీ చేర్చిన ఘనత మలయాళీలది. 1993లో కోళికోడ్ మెడికల్ కాలేజీలో డాక్టర్ ఎం. ఆర్. రాజగోపాల్, ఆయన సహచరులూ కలిసి చిన్న సంస్థ ఒకటి పెట్టారు. కొన్నేళ్లకే అది ఆస్పత్రి గోడలు దాటింది. మలప్పురం జిల్లాలో స్కూలు టీచర్లూ, దుకాణదారులూ, కాలేజీ పిల్లలూ వంతులు వేసుకుని, మంచంపట్టినవాళ్ల ఇళ్లకు పోవడం నేర్చుకున్నారు. పుండు కడగడం, మంచం సర్దడం, రోగి పిల్లల స్కూలు ఫీజు కట్టడం, ఇవన్నీ అందులో భాగమే. ఖర్చులో చాలాభాగం ఇరుగుపొరుగువాళ్లు తలా కాస్తా వేసుకునే చిల్లరతో నడిచేది. 2008లో కేరళ ప్రభుత్వం దీనికొక విధానమే ప్రకటించింది. దేశంలో అదే మొదటిది.

మనవాళ్లు బొత్తిగా వెనకబడ్డారనీ అనకూడదు. హైదరాబాదులో ఎం.ఎన్.జె. కాన్సర్ ఆస్పత్రిలో 2006నుంచి ఈ విభాగం నడుస్తున్నది. 2011లో స్పర్శ్ హాస్పిస్ మొదలయింది. 2017 తరువాత తెలంగాణ జిల్లా కేంద్రాలలో ప్రభుత్వం పాలియేటివ్ కేంద్రాలు పెట్టి, ఇళ్లకు పోయే వాహనాలకు "ఆలన" అని పేరు పెట్టింది. ఆలన, పాలన అని మనం పసిపిల్లల విషయంలో వాడే మాటలోని మొదటి సగం. ఎవరు పెట్టారోగాని మంచి పేరు. ఇతర చోట్ల ఉన్నవాళ్లు జిల్లా ప్రభుత్వాస్పత్రిలోనో, దగ్గరలోని కాన్సరు ఆస్పత్రిలోనో ఈ విభాగం ఉన్నదా అని నోరు తెరిచి అడగాలి. అడగకపోతే చాలామంది డాక్టర్లు చెప్పరు. ఇది కాన్సరుకే పరిమితం కాదు. గుండె బలహీనపడినవాళ్లకూ, మూత్రపిండాలు చెడినవాళ్లకూ, పక్షవాతంతో మంచంపట్టినవాళ్లకూ, మతిమరుపు ముదిరిన వృద్ధులకూ కూడా ఇదే వైద్యం. ఆఖరి వారంలో కాదు, జబ్బు ముదిరిందని తెలిసిన నాడే మొదలుపెడితే మేలు.

ఇంట్లో చేసుకునే పనులు కొన్ని రాస్తాను. ఇవి నా చేతులతో చేసినవే. మంచంలో ఉన్న మనిషిని రెండు గంటలకొకసారి పక్క మార్చి తిప్పకపోతే పడకపుళ్లు పడతాయి. ఒకసారి పడితే మానడం కష్టం, తిప్పడం తేలిక. దుప్పటి ముడతలు లేకుండా లాగాలి. మడమల కింద చిన్న దిండు పెట్టాలి. నోరు శుభ్రంగా ఉంచాలి. మెత్తటి గుడ్డ తడిపి నాలుకా, చిగుళ్లూ తుడిస్తే సగం హాయి అందులోనే ఉన్నది.

ఆఖరి పదిరోజుల్లో మామగారు తిండి తగ్గించేశారు. వచ్చిన బంధువులలో ఒకావిడ "కడుపు మాడ్చి చంపుతారటే? ముక్కుకు గొట్టం పెట్టించండి" అని కేకలేసింది. మనకు అన్నం పెట్టడమే ప్రేమ. పెట్టకపోవడమంటే పాపం. అందుచేత ఈ మాట కత్తిలాగా దిగుతుంది. నర్సమ్మ ఆవిణ్ణి పక్కకు పిలిచి, "తినకపోవడంవల్ల ఆయన పోవడం లేదమ్మా. పోతున్నారు గనక తినలేకపోతున్నారు" అన్నది. ఆ స్థితిలో శరీరానికి ఆకలి ఉండదు. బలవంతాన పోస్తే పొరబోయి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అడిగితే రెండు చెంచాలు, అడగకపోతే పెదవులు తడపడం. ఆయన కోరినమీదట నేను చింతకాయ పచ్చడి నాలుకకు రాశాను. అదే ఆఖరి భోజనం.

చివరి గంటలలో కాళ్లూ చేతులూ చల్లబడతాయి. ఊపిరి కాసేపు ఆగి, మళ్లీ వస్తుంది. గొంతులో గురగురమని శబ్దం వస్తుంది. పక్కనున్నవాళ్లు అది చూసి గాభరాపడి అంబులెన్సు పిలుస్తారు. ఆ గురగుర చుట్టూ ఉన్నవాళ్లను బాధపెట్టినంతగా రోగిని బాధపెట్టదని డాక్టర్లు చెబుతారు. మనిషిని కాస్త పక్కకు వాలిస్తే తగ్గుతుంది. ఈ సంగతులు ముందుగా తెలిసి ఉంటే ఇంట్లోవాళ్లు పరుగులు పెట్టకుండా చెయ్యి పట్టుకుని కూర్చోగలుగుతారు. వినికిడి చివరిదాకా ఉంటుందని మన పెద్దవాళ్లు అంటూ ఉండేవారు. 2020లో కెనడాలో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంవాళ్లు, స్పృహలేని స్థితిలో మరణానికి దగ్గరపడిన కొందరి మెదళ్లు కూడా శబ్దాలకు స్పందించడం కనిపెట్టారు. కాబట్టి మంచం పక్కన కర్మకాండ ఖర్చులు లెక్క కట్టేవాళ్లు కాస్త వరండాలోకి పోతే బాగుంటుంది.

మాకింకొక చిక్కు కూడా వచ్చింది. ప్రాణం పోయేముందు మంచంమీదినుంచి చాపమీదికి దించాలని మన ఆచారం. ఎముకలన్నీ పిండి అయిన మనిషిని ఎల్లా దించడం? మా పురోహితుడుగారిని వారం ముందే అడిగాం. మంచంమీదే దర్భలు వేస్తే సరిపోతుందని ఆయన అన్నారు. ముందు అడిగితే ఆచారం కూడా కనికరిస్తుంది. ఆ క్షణంలో అడిగితే ఎవరూ జవాబు చెప్పలేరు.

మా వీధిలోనే మరొక ఇంట్లో జరిగింది చెబుతాను. ఎనభై రెండేళ్ల పెద్దమనిషి, ఊపిరితిత్తులు పూర్తిగా పాడైనాయి. పేరు చెప్పను, ఒక ఆస్పత్రిలో పదిహేడు రోజులు వెంటిలేటరు మీద ఉంచారు. భార్యను రోజుకు అయిదు నిమిషాలు అద్దంలోనుంచి చూడనిచ్చేవారు. ఆయన్ని చేతులు కట్టేసి ఉంచారని, కట్టిన చోట కమిలిందని ఆవిడ ఇప్పటికీ చెప్పుకుని ఏడుస్తుంది. తీసెయ్యమని అడగడానికి కొడుకులకు నోరు రాలేదు. అడిగితే చంపినట్టవుతుందేమోనని భయం, కేసవుతుందేమోనని మరో భయం.

ఈ భయానికి చట్టం జవాబు చెప్పింది. గౌరవంగా మరణించే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలో చెప్పిన జీవించే హక్కులోనే ఉన్నదని 2018 మార్చి 9న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కోలుకునే ఆశలేని స్థితి వస్తే నన్ను యంత్రాలమీద ఉంచవద్దని, ఒంట్లో స్వాధీనం ఉన్నప్పుడే ఎవరైనా కాగితంమీద రాసిపెట్టుకోవచ్చు. మొదట ఆ కాగితం మీద మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు. అది సాధ్యమయ్యే పని కాదని తేలి, 2023 జనవరిలో సుప్రీంకోర్టే సడలించింది. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ఎదట సంతకం పెట్టి, నోటరీచేతగాని, గెజిటెడ్ ఆఫీసరుచేతగాని ధ్రువీకరింపజేస్తే చాలును. తన తరపున మాట్లాడవలసినవాళ్ల పేర్లు అందులో రాయాలి. అవసరం వచ్చినప్పుడు ఆస్పత్రిలో రెండు వైద్యబృందాలు ఒకదాని తరువాత ఒకటి పరీక్షించి నిర్ణయిస్తాయి. కాగితం లేకపోయినా, దగ్గరి బంధువుల సమ్మతితో ఇదే పద్ధతి నడుస్తుంది. ఇది ఇంజక్షనిచ్చి ప్రాణం తియ్యడం కాదు, దాన్ని మన చట్టం ఒప్పుకోదు. నిరుపయోగమైన యంత్రాన్ని ఆపి, జబ్బును తన దారిన పోనిచ్చి, నొప్పికి మటుకు మందు ఇస్తూ ఉండడం. మావారు, నేనూ మొన్న సంక్రాంతికి ఎవరి కాగితాలు వాళ్లం రాసుకున్నాం. మా అమ్మాయి రెండురోజులు నాతో మాట్లాడలేదు, మూడోరోజు తానే సాక్షులను తీసుకువచ్చింది.

పోయిన మనిషి బాధ తీరింది. మిగిలినవాళ్ల మాటేమిటి?

పరామర్శ అన్నది మన సంఘంలో చాలా గొప్ప ఏర్పాటు. పొయ్యి వెలిగించని ఇంటికి పక్కింటివాళ్లు అన్నం పంపడం, పదిరోజులు ఇంటినిండా మనుషులుండడం, నెలనెలా మాసికాలు, ఏడాదికి సంవత్సరీకం. దుఃఖానికి ఒక మెట్లవరస కట్టిపెట్టారు. విడవకుండా కుంగదీసే దుఃఖాన్ని వైద్యం అవసరమైన స్థితిగా ఎప్పుడు లెక్కించాలి అన్న ప్రశ్నకు అమెరికా మనోవైద్యులు 2022లో పెద్దవాళ్లకు పెట్టిన గడువు కూడా పన్నెండు నెలలే! ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో ఆరు నెలలు. మనవాళ్ల లెక్కతో అమెరికావాళ్ల లెక్క సరిపోవడం నాకు ముచ్చటగా ఉన్నది.

కాని ఆ పరామర్శలోనే వినవలసి వచ్చే మాటలున్నాయే! "ఇంకో నెల ముందు పెద్దాస్పత్రికి తీసుకుపోయి ఉంటే..." అంటారు. "నువ్వే ఇల్లా అయితే పిల్లలేమవుతారు?" అంటారు. జబ్బు పేరు, ఖర్చయిన మొత్తం, ఆస్తిపంపకం వివరాలు అడుగుతారు. ప్రతివాడికీ మొదటినుంచి కథ చెప్పలేక మా అత్తయ్యగారి గొంతు పోయింది. ఎవరికీ ఏమీ తోచకపోతే ఊరుకుని పక్కన కూర్చోవచ్చు. అది ఎవరూ చెయ్యరు. దుఃఖానికి అయిదు దశలున్నాయని ఈమధ్య ప్రతివాళ్లూ చెబుతున్నారు. ఎలిజబెత్ క్యూబ్లర్‌రాస్ అనే డాక్టరు 1969లో రాసిన పుస్తకంలో అవి మరణానికి దగ్గరపడిన రోగుల గురించి చెప్పినవి. పోగొట్టుకున్నవాళ్లు వాటిని వరసగా ఎక్కి దిగాలని నియమమేమీ లేదు. మా అత్తయ్యగారు పన్నెండోరోజున భక్ష్యాలు బాగున్నాయన్నారు, ఆరోనెలలో ఆయన పాత చెప్పులు చూసి రోజంతా ఏడ్చారు.

పదోరోజున అత్తయ్యగారి గాజులు తియ్యడానికి పెద్దముత్తయిదువలు కొందరు సిద్ధమయ్యారు. మా బావగారు అడ్డం నిలబడి, "అమ్మకు ఇష్టమైతేనే" అన్నారు. అత్తయ్యగారు ఇష్టం లేదన్నారు. నాలుగు రోజులు గుసగుసలు నడిచాయి. 2022లో మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ అనే గ్రామంలో ఈ తతంగమే వద్దని పంచాయతీ తీర్మానం చేశారు. 1881లో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేసి చూపిన మన ప్రాంతంలో, మనం ఇంకా గాజుల దగ్గరే ఆగి ఉన్నాం.

నిజంగా ఉపయోగపడినవాళ్లు ఎవరంటే, బ్యాంకులో పనిచేసే ఒక పిల్లవాడు. మామగారి పూర్వ విద్యార్థి. మరణధ్రువపత్రం తెచ్చాడు (21 రోజులలోపల నమోదు చేయిస్తే ఏ తంటా ఉండదు), కుటుంబ పెన్షను ఫారం నింపాడు, అత్తయ్యగారి సంతకం ఎక్కడ కావాలో అక్కడ పెన్సిలుతో గుర్తుపెట్టి తెచ్చాడు. ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. ఇంకొకరు మామగారి నడకస్నేహితుడు, రిటైరయిన పోస్టుమాస్టరు. ఇరవయ్యోరోజుకు ఇల్లు ఖాళీ అయినాక, అందరూ వెళ్లిపోయినాక ఆయన రావడం మొదలుపెట్టారు. ప్రతి గురువారం అయిదింటికి వచ్చి, అరగంట కూర్చుని, మామగారు నడకలో చెప్పిన హాస్యాలు అత్తయ్యగారికి చెప్పేవారు. పోయినమనిషి పేరెత్తితే ఏడుస్తారని మనం పేరే ఎత్తం. వాళ్లు ఎదురుచూసేది ఆ పేరు కోసమే.

పిల్లల సంగతి ఒక్కమాట. మా మనవడికి ఏడేళ్లు. వాణ్ణి ఎవరింటికైనా పంపెయ్యమన్నారు. మేం పంపలేదు. తాతయ్య ఊరెళ్లాడనీ, నిద్రపోయాడనీ చెప్పకండి. ఊరెళితే తిరిగిరావాలి గదా, నిద్రంటేనే భయపడే పిల్లలున్నారు. చనిపోయాడు, ఇంక రాడు, అది నీ తప్పుకాదు అని చెబితే వాళ్లకు అర్థమవుతుంది. వాడు ఆ రోజు అడిగిన ప్రశ్న ఒకటే, "తాతయ్య కళ్లజోడు కూడా ఇంక అక్కరలేదా?" అని.

నెలలు గడిచినా తిండీ నిద్రా కుదరక, బతకాలని లేదనేవాళ్లను మటుకు కాలమే మాన్పుతుందని వదిలెయ్యకూడదు. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వం టెలీ మానస్ అని ఒక టెలిఫోను సేవ పెట్టింది. 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులో మాట్లాడేవాళ్లుంటారు, డబ్బు కట్టనక్కరలేదు. నేను ఈ సంగతి చెబితే అత్తయ్యగారు, "నాకు పోస్టుమాస్టరుగారున్నారు గదా" అన్నారు. తరువాత కాసేపటికి, "ఆ నంబరు ఎదురింటావిడకు రాసివ్వు" అన్నారు. ఎదురింటావిడ అంటే, పదిహేడు రోజులు అద్దంలోనుంచి చూసినావిడ.